లాభంతో మొదలైన పెండ్యులమ్ లెక్క

2018వ సంవత్సరం, చలి తగ్గుతున్న రోజులు. నల్లగొండ గడియారం సెంటర్ వెనుక సందులో, మేడ మీద ఒక గది కిరాయికి తీసుకొని ఇంటర్ ఫిజిక్స్ చెబుతుండేవాణ్ణి. గదిలో నాలుగు బెంచీలు, ఒక బోర్డు, కిటికీ పక్కన గోడకు బిగించిన చెక్క నుంచి వేలాడే పెండ్యులమ్, అంటే దారానికి కట్టిన ఇనుప గుండు. నేను ఎవరి ఇంటికీ వెళ్ళి చెప్పను. నేర్చుకోవాలనుకున్నవాళ్ళే మెట్లెక్కి రావాలి. ట్యూషన్లు చెప్పుకొనేవాడికి ఇంత పట్టింపు ఏమిటని తోటి మాస్టర్లు నవ్వేవారు. కేతేపల్లి వైపు మాది పెద్దిల్లు. భూములు కొన్ని సీలింగ్ చట్టానికి పోయాయి, కొన్ని అన్నదమ్ముల కోర్టు పేచీలకు పోయాయి, మిగిలినవి అమ్ముడుపోయాయి. నా వంతుకు ఇంటిపేరు వచ్చింది. దాన్ని వంగకుండా మోయాలన్నది నా నియమం, ఇప్పటికీ.

సైదమ్మ ఒక సాయంత్రం ఆ మెట్లెక్కి వచ్చింది. ముప్పై దాటిన మనిషి. ఊళ్ళోని ఒక ప్రైవేటు దవాఖానలో ఆయా. రోగులను ఎక్స్‌రే గది తలుపు దాకా నడిపించి, అక్కడ నిలబడి ఎదురుచూసి, తిరిగి తీసుకుపోవడం ఆమె పని. ఆ తలుపు లోపల నిలబడి మిషన్ నడపాలన్నది ఆమె కోరిక. అందుకు టెక్నీషియన్ కోర్సు చదవాలి, కోర్సుకు ఇంటర్ కావాలి. ఓపెన్ ఇంటర్‌లో అన్నీ పాసై ఫిజిక్స్ ఒక్కటే మిగిలింది.

"గిది ఆఖరి సారి సార్. గీసారి పోతే మల్ల రాయను. మా ఆయన ఊకోడు, నాకు గూడ ఓపిక లేదు" అంది.

"ఇంతకుముందు ఎక్కడ తప్పావు?"

"అక్షరాల కాడ సార్. అక్షరాలంటె సదువుతా, అంకెలంటె లెక్కవెడ్తా. రెండు కలిపి ఒక్కకాడ వెట్టుడేంది సార్, బియ్యంల రాళ్ళు కలిపినట్టు?"

నాకు నవ్వు వచ్చింది గాని నవ్వలేదు. ఇంటర్ స్థాయి ఫిజిక్స్‌లో చాలా భాగానికి పెద్ద గణితం అక్కర్లేదు. ఆల్జీబ్రా, అంటే తెలియని దాని చోట ఒక అక్షరం కూర్చోబెట్టి తెలిసినవాటి సాయంతో దాన్ని బయటికి రప్పించడం వస్తే చాలు. ఆమెకు అది వారాల మీద పట్టుబడింది. డ్యూటీ దిగి వచ్చేది. కొంగుతో మొహం తుడుచుకొని మొదటి బెంచీలో కూర్చునేది. పక్కన కాలేజీ పిల్లలు కిసుక్కుమంటే, "నవ్వున్రి బిడ్డా, రేపు మీ బొక్కలు ఇరిగితె నేనే ఫోటో తియ్యాలె" అనేది. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు.

చిక్కు ప్రాక్టికల్ దగ్గర వచ్చింది. పెండ్యులమ్ ప్రయోగం సులువైనది. మీటరు పొడవు దారం, గుండు, స్టాప్ వాచ్. గుండును కొంచెం పక్కకు లాగి వదలాలి. అది అవతలికి పోయి తిరిగి వస్తే ఒక ఊపు. ఇరవై ఊపులకు పట్టిన కాలాన్ని ఇరవైతో భాగిస్తే ఒక ఊపు కాలం, అదే పీరియడ్. దాన్ని సూత్రంలో పెడితే భూమి ఆకర్షణ విలువ రావాలి, దాదాపు తొమ్మిది పాయింట్ ఎనిమిది. సైదమ్మకు ప్రతిసారీ పది పాయింట్ ఎనిమిది వచ్చేది.

"ఎక్కువొస్తె మంచిదే గద సార్. తక్కువైతె రాలె గద?"

"భూమి మనకు ఎక్కువ ఇవ్వదు సైదమ్మా. మళ్ళీ చెయ్యి."

పొడవు నేనే కొలిచాను, గుండు మధ్య దాకా. ముడి చూశాను. ఎక్కువ దూరం లాగుతోందేమో చూశాను, లేదు. సూత్రంలో అక్షరాలు కూడా సరిగ్గా ఉన్నాయి. వాచ్ మార్చినా అదే జవాబు. ఆమె లోలోపల, పెదవులు కదిలీ కదలకుండా లెక్కపెట్టేది. పరీక్ష దగ్గరపడుతోంది, ఆమె మొహంలో రంగు తగ్గుతోంది. "భూమి కూడ నన్ను సతాయిస్తాంది సార్" అని ఒకరోజు కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"పైకి లెక్కపెట్టు, నేను వింటాను" అన్నాను.

ఆమె గుండు వదిలింది. వదులుతూనే, సాగదీసిన గొంతుతో, "లాభం..." అంది. తర్వాత "రెండూ... మూడూ..."

అదేం లెక్క అని నేను ఆపాలి. ఆపలేదు. ఆ పిలుపు విని ముప్పై ఏళ్ళు దాటింది. మా కల్లంలో వడ్లు కొలిచే మనిషి ఒకటి అనేవాడు కాదు, లాభం అనేవాడు. మొదటి కుంచం ఎప్పుడూ లాభమే. ఆ గొంతు వెనక వడ్ల దుమ్ము, ఎడ్ల మువ్వలు, కుప్ప చుట్టూ చెప్పులు విడిచి నిలబడ్డ మా నాయిన. ఇప్పుడు ఆ కల్లం ఉన్న జాగాలో ప్లాట్ల రాళ్ళు పాతి ఉన్నాయి. గుండు ఊగుతూనే ఉంది. ఇరవై దాకా విన్నాను.

"ఇట్లా లెక్కపెట్టడం ఎవరు నేర్పారు?"

"మా తాత సార్. మీ కల్లంలనే కొలుస్తుండె."

ఇన్నాళ్ళూ చెప్పలేదేమని అడిగాను.

"చెప్తె ఏమొస్తది సార్? పెద్దింటోళ్ళకాడ కొలతల తప్పు వోనియ్యరని మా తాత అంటుండె. ఒక్క గింజ రాలినా కంట్లవడుతదట. గసువంటోళ్ళె కావాలె నాకని వెతుక్కుంట వచ్చిన."

అందులో మెచ్చుకోలు ఎంత, దెప్పు ఎంత అని నేను ఆరా తీయలేదు. రెండూ మా ఇంటికి చెందినవే.

తప్పు ఎక్కడుందో అప్పుడు తెలిసింది. కల్లంలో కుంచం కుప్పలో ముంచుతూనే అంకె పలుకుతారు. ఆఖరి అంకె పలికాక కూడా ఆ కుంచం గోనెలో పడుతుంది గనుక లెక్క తప్పదు. పెండ్యులమ్ దగ్గర ఆఖరి అంకె పలకగానే వాచ్ ఆపేస్తాం. గుండు వదిలినప్పుడే లాభం అంటే, జరగని ఊపు లెక్కలో చేరుతుంది. ఆమె ఇరవై నిజానికి పంతొమ్మిది.

"వదిలేటప్పుడు సున్నా అను, తిరిగి వచ్చాక ఒకటి" అని అందరికీ చెప్పేదే చెప్పాను.

ఆమె వెనక్కి జరిగింది. "సున్నతోని ఎత్తుకుంటరా సార్ ఎవలన్న? మా తాత ఇంటె కుంచం తీసుకొని కొడ్తడు."

అయినా ప్రయత్నించింది. కుదరలేదు. సున్నా దగ్గర నాలుక తడబడేది, ఆ తడబాటుకు గుండు పక్కకు తిరిగేది. మూడు రోజులు అట్లాగే పోయాయి. బోర్డు మీద బొమ్మ గీసి వాదించాను. ఆమె తల ఊపేది, గుండు పట్టుకోగానే పాత పిలుపే వచ్చేది. మాన్పించడం నాకూ కష్టంగానే ఉంది. ఆ మాట వినిపించే చోటు నాకు ఇంకొకటి లేదు.

నాలుగో రోజు బొమ్మ గీయలేదు.

"వదిలేటప్పుడు ఏమీ అనకు. నోరు మూసుకో. గుండు పోయి, తిరిగి నీ చేతి దగ్గరికి వచ్చినప్పుడు లాభం అను. పోయేటప్పుడు లాభం ఎక్కడిది? వస్తేనే కదా."

కాసేపు గుండు వైపు చూసింది. "గిది మంచిగున్నది సార్" అంది. వదిలింది. పెదవులు బిగించింది. గుండు పోయి వచ్చింది. "లాభం..."

జవాబు తొమ్మిది పాయింట్ ఎనిమిది. కొంగు నోట్లో పెట్టుకొని బెంచీ మీద కూర్చుండిపోయింది.

పరీక్ష గదిలో జరిగింది ఆమె చెబితేనే తెలిసింది. వయసులో చిన్నదైన ఎగ్జామినర్, గుండు వదిలినప్పుడు లెక్క ఎందుకు మొదలుపెట్టలేదని అడిగిందట. "రానిదాన్ని ఎట్ల లెక్కవెడ్త మేడం? రానియ్యిన్రి, వెడ్త" అందట. ఆ అమ్మాయి తల ఊపి పక్క బల్ల దగ్గరికి పోయిందట.

ఫలితాలు వచ్చిన రోజు జిలేబీ పొట్లంతో మెట్లెక్కి వచ్చింది. పాసైంది. మహబూబ్‌నగర్‌లో కోర్సులో చేరుతోంది, అక్కడ అక్క ఇల్లు ఉంది. పొట్లం అందుకున్నాను. పోయొస్తానని లేవబోతుంటే, నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"ఒక్కసారి లెక్కపెట్టి పో."

"వాచ్ వట్టలేదు సార్?"

"అక్కర్లేదు."

ఆమె నా మొహం చూసింది. గుండు లాగి వదిలింది. ఆ రోజు ఇరవై దగ్గర ఆగలేదు. నేను కిటికీ వైపు తిరిగి నిలబడ్డాను. చాలాసేపు లెక్కపెట్టింది.

ఆ తర్వాత నా పద్ధతి మారింది. జవాబు తప్పితే వెంటనే ఎర్ర గీత పెట్టను. మొదటి నుంచి పైకి చెప్పమని వింటాను. తప్పు చాలాసార్లు కాగితం మీద కనిపించదు, గొంతులో వినిపిస్తుంది. అది ఎవరింట్లోంచి వచ్చిందో తెలిస్తే, కొట్టేయకుండానే సరైన చోట పెట్టవచ్చు.

ప్రాక్టికల్స్ వచ్చినప్పుడల్లా పిల్లలను ఒక్కొక్కరినే పైకి లెక్కపెట్టమంటాను. ఎందుకు సార్ అని విసుక్కుంటారు, అయినా చేస్తారు. అందరూ సున్నాతోనే మొదలుపెడతారు. అదే సరైన పద్ధతి. మార్కులు పూర్తిగా వేస్తాను.