మహబూలా మీద తప్ప అంతటా

కువైట్‌లో రాళ్ళవాన పడుతుందంటే మా జగిత్యాల వైపు వాళ్ళెవరూ నమ్మరు. ఇక్కడికి రాకముందు నేను కూడా నమ్మేవాణ్ణి కాదు. కానీ పడుతుంది. చలికాలంలో ఏ రెండు సార్లో మూడు సార్లో ఉన్నట్టుండి మబ్బు కమ్ముతుంది. పది నిమిషాలు గోళీలంత రాళ్ళు దబదబా కురిసి, రోడ్డూ ఇసుకా అంతా తెల్లగా కప్పేసి పోతాయి. దూరం నుంచి చూస్తే అచ్చం మంచే. ఫోటోలో చూస్తే ఇంకా మంచు. అది ఎక్కడ పడుతుందని అడిగితే మాత్రం నేను ఢంకా బజాయించి చెప్పగలను. నేను లేని చోట పడుతుంది.

నేను ఏసీ మెకానిక్‌ని. మహబూలాలో ఒక గదిలో ఉంటాను. ఇక్కడ పెద్ద ఏసీలన్నీ మేడల మీదే ఉంటాయి కాబట్టి నా బతుకంతా మేడల మీదే. ఎండాకాలం తల ఎత్తడానికి కూడా తీరిక ఉండదు. చలికాలం వచ్చేసరికి పని పల్చబడుతుంది. మేడ మీద పని లేకుండా నిలబడ్డవాడు ఇంకేం చేస్తాడు, ఆకాశం చూస్తాడు. అట్లా అంటుకుంది నాకీ మబ్బుల పిచ్చి. ఫోన్‌లో రాడార్ యాప్ పెట్టుకున్నాను. అందులో ఆకుపచ్చ అంటే తుంపర, ఎరుపు అంటే గట్టి వాన. ఎరుపు నడుమ వంకాయ రంగు కనిపించిందంటే రాళ్ళన్నమాట. ఆ వంకాయ రంగు కోసం నేను భోజనం మీది నుంచి లేచిన రోజులున్నాయి.

నాలాంటి పిచ్చివాళ్ళం ఒక పది మందిమి కలిసి 'మబ్బుల గ్రూపు' అని వాట్సాప్‌లో పెట్టుకున్నాం. మేస్త్రీలు, డ్రైవర్లు, తాపీ పనివాళ్ళు. ఎవరికి ఎక్కడ మబ్బు కనిపిస్తే అక్కడి ఫోటో పెట్టాలి. నేను అవే ఫోటోలు ఇంటికి కూడా పంపేవాణ్ణి. పొద్దున మబ్బు, సాయంత్రం మబ్బు, మధ్యలో రాడార్ బొమ్మ. మా అమ్మాయి అన్నిటికీ ఒక బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకునేది. పిల్లకు కూడా నా పిచ్చే వచ్చిందని నేను తెగ మురిసిపోయేవాణ్ణి.

ఇంతా చేస్తే మా ఊళ్ళో రాళ్ళవాన అంటే అందరికీ గుండె దడ. మామిడికాయ రాలిపోతుంది, వరి నేలమట్టమవుతుంది. మా నాన్న వాకిట్లో నిలబడి ఆకాశాన్ని పట్టుకొని నానా తిట్లూ తిట్టేవాడు. నేనేమో ఇక్కడ మేడ ఎక్కి అదే రాళ్ళవానను రమ్మని బతిమాలుతున్నాను. ఈ సంగతి ఆయనకు తెలిస్తే చెప్పు తీస్తాడు.

మరి ఎందుకంత తపన అంటారా? సిగ్గు విడిచి చెప్తాను. మూడు చలికాలాల కింద, తెల్లగా కప్పేసిన రోడ్డు ఫోటో ఒకటి గ్రూపులో ఎవరో పెట్టారు. ఎవరు తీశారో, ఎక్కడ తీశారో దేవుడికే తెలియాలి. నేను దాన్ని ఇంటికి పంపి, "చూడు బిడ్డా, మా రూమ్ ముంగట మంచు పడ్డది" అని రాశాను. ఎందుకు రాశానో ఇప్పటికీ తెలియదు. చేతివేళ్ళు వాటంతటవే రాసేశాయి. మా అమ్మాయి దాన్ని పట్టుకొని బడంతా చూపించి వచ్చింది.

ఈ చలికాలం ఫోన్ చేసింది. ఇప్పుడు ఏడో తరగతి.

"బాపూ, మా బళ్ళె చార్టు చేస్తున్నం. 'మా బాపు పని చేసే ఊరు' అని రాసి, ఆ ఊళ్ళె బాపు నిలవడ్డ ఫోటో అతికియ్యాలె. నువ్వు మంచుల నిలవడ్డ ఫోటో పంపు. కువైట్ల మంచెక్కడిదే అని అందరు నవ్వుతున్నరు. అందరి చార్టుల ఫోటోలు అతికిచ్చిన్రు, నాది ఒక్కదాందే ఖాళీగున్నది."

"గంతేనా? గీ చలికాలంల పడంగనే దిగి పంపుత," అన్నాను.

అన్నానా, ఇక చూడండి ఆ మబ్బుల వేషాలు!

మొదటిసారి వంకాయ రంగు నేరుగా మహబూలా మీదికి వస్తోంది. నేను కొత్త చొక్కా వేసుకొని, తల దువ్వుకొని మేడ ఎక్కాను. నా వెనక మా రూమ్మేట్ ఫోన్ పట్టుకొని ఎక్కాడు. అతనిది కడప జిల్లా, టైల్స్ పని చేస్తాడు. మబ్బంటే అతనికి బొత్తిగా గిట్టదు. వాన పడితే పని ఆగుతుంది, అంతే అతనికి తెలిసింది. ఇద్దరం గంటసేపు నిలబడ్డాం. మబ్బు మా వీధి దాకా వచ్చింది, ఏదో మరిచిపోయినట్టు తిరిగి సముద్రం మీదికి పోయింది. చేపల మీద కురిసి ఉంటుంది.

"ఇంగ దిగుదామానా? కాళ్ళు పీకతాండాయి," అన్నాడు అతను. నాకు ఒళ్ళు మండిపోయింది.

రెండోసారి అబూ హలీఫాలో పడింది. అబూ హలీఫా అంటే మాకు పక్కనే, నడిచి పోవచ్చు. గ్రూపులో ఫోటో చూసి పరుగెత్తాను. నేను పోయేసరికి రోడ్డు తడిసి ఉంది, అంతే. ఒక తోపుడు బండి కింద నాలుగు రాళ్ళు కనిపిస్తే వంగి తీయబోయాను. అవి థర్మోకోల్ ముక్కలు.

మూడోసారి ముబారక్ అల్ కబీర్‌లో పడింది. అక్కడ ఒక కువైటీ వాళ్ళింట్లో మా రూమ్మేట్ వాళ్ళ ఊరి అక్క పని చేస్తుంది. మేడ మీద బట్టలు ఆరేసేది ఆమే కాబట్టి గ్రూపులో ఆమెను బలవంతంగా చేర్చాం. మా అందరిలోకీ మబ్బుల మీద ఏ మాత్రం ఆశ లేనిది ఆమెకే, రాళ్ళు పడేదీ ఆమె నెత్తి మీదే. ఆ రోజు ఆమె గొంతు రికార్డు చేసి పంపింది.

"తమ్ముడా, నీ రాళ్ళొచ్చి ఈడ పడినాయి రా నాయనా! ఆరేసిన బట్టలన్నీ మళ్ళా ఉతకల్ల. వాకిలంతా తెల్లగా అయిపాయ, బిరీన ఊడ్చమని మామా అరుస్తాండాది. ఎవురు ఊడ్చాల? నేనే గదా! నీకంత ఇష్టమైతే వచ్చి నువ్వే ఊడ్చుకొని పో!"

యజమానురాలిని వాళ్ళు మామా అనే పిలుస్తారు. ఆ మామా తొందరపెట్టడం వల్ల అక్క ఆ ముత్యాల్లాంటి రాళ్ళన్నిటినీ చీపురుతో ఊడ్చి కాలవలోకి తోసేసింది. అది విని నేను అన్నం సయించక పడుకున్నాను.

ఇక లాభం లేదని రూమ్మేట్ ఒక ఉపాయం చెప్పాడు. "నువ్వు ఏసీ మెకానిక్కువే గదానా? ఐసు నీ కాడ లేకపోతే ఇంగెవురి కాడ ఉంటాది?"

నిజమే! మా వీధి చివరి కిరాణా కొట్టులో డీప్ ఫ్రీజర్ చెడిపోయి నా చేతికే వచ్చింది. దాని గోడలకు జానెడు మందాన తెల్లటి ఐసు పేరుకొని ఉంది. రెండు బకెట్లు గీకి మేడ మీద పోశాను. బయట ఎండ కాస్తోంది. మంచులో ఉన్నవాడికి చలి వేయాలి కదా అని మంకీ టోపీ పెట్టి, మఫ్లర్ చుట్టి, పైన నల్ల కళ్ళద్దాలు పెట్టుకున్నాను. చెమటలు కారిపోతుంటే వణుకుతున్నట్టు చేతులు కట్టుకొని నిలబడ్డాను. రూమ్మేట్ నవ్వుతూ ఫోటో తీశాడు. అందుకే అది కొంచెం కదిలింది. అయినా ఫర్వాలేదని పంపేశాను.

పది నిమిషాల్లో ఫోన్ వచ్చింది.

"బాపూ, మంచుల బఠానీలు గూడ పడ్తయా?"

ఫోటో పెద్దది చేసి చూశాను. నా ఎడమ బూటు పక్కన, తెల్లటి ఐసులో, నిగనిగలాడుతూ ఐదు పచ్చి బఠానీలు. ఫ్రీజర్‌లో ఎప్పుడో చినిగిన పొట్లంలోవి.

"ఎవలో తినుకుంట పోతే పడ్డయి బిడ్డా," అన్నాను.

"ఎవలన్న పచ్చి బఠానీలు తినుకుంట మంచుల తిరుగుతరా?" అని ఫోన్ పెట్టేసింది. నా కూతురే, నా తెలివి రాకుండా పోతుందా! కానీ ఆ తర్వాత రెండు రోజులు నా ఫోన్ ఎత్తలేదు. ఎత్తితే వాళ్ళమ్మ ఎత్తి, "దానికి మాట్లాడ బుద్ధయితలేదట," అనేది. సోమవారం చార్టు గోడకు అతికిస్తారని కూడా చెప్పింది. నవ్వులాటగా ఉన్నదంతా అక్కడితో పోయింది. పిల్ల ముందు అబద్ధాలకోరుగా నిలబడ్డాను. నాకు నిజంగా ఏడుపొచ్చింది.

శుక్రవారం పొద్దున రాడార్ తెరిస్తే పడమటి నుంచి పెద్ద వంకాయ రంగు ముద్ద కదిలి వస్తోంది. దాని దారి నేరుగా వఫ్రా వైపు. దక్షిణాన తోటలుండే ఊరు, ఇక్కడికి గంట ప్రయాణం. సోమవారానికి ముందు దొరికిన సెలవు, దొరికిన మబ్బు. ఈసారి మబ్బు కోసం కూర్చోవద్దు, మనమే ఎదురు పోవాలి అనుకున్నాను.

"పా, వఫ్రా వోదాం," అని రూమ్మేట్‌ను లేపాను.

"నేను రానునా. కోడి తెచ్చిపెట్టినా. శుక్రవారం పూట కోడిని ఇడ్సిపెట్టి మబ్బెనకాల తిరగల్నా?"

మళ్ళీ ఆ కొత్త చొక్కా తొడుక్కొని, ఒక్కణ్ణే పికప్ వేసుకొని పోయాను. వఫ్రాలో టమాటా తోటల పక్కన బండి ఆపి దిగాను. గాలి చల్లగా మారింది, పడమర నల్లబడింది. ఫోన్ తీసి సిద్ధంగా పట్టుకున్నాను. ఇంతలో ఆ దరిద్రపు మబ్బు నా కళ్ళ ముందే రెండుగా చీలింది. ఒక ముక్క సౌదీ వైపు జారుకుంది. రెండోది నా తల మీది నుంచి, ఒక్క చుక్కైనా రాల్చకుండా, ఉత్తరానికి పోయింది. నేను పికప్ మీద చేత్తో గట్టిగా గుద్ది, మా నాన్న తిట్టే తిట్లన్నీ వరసగా తిట్టాను. ఒక్కటి కూడా మరిచిపోలేదు.

అరగంటకు ఫోన్ మోగింది. రూమ్మేట్.

"అనా! యాడుండావు? మన బిల్డింగు మీద పడతాండాయి! టపటపా పడతాండాయి! రోడ్డంతా తెల్లగా అయిపాయ!"

"వీడియో తియ్యి! జెల్ది తియ్యి!"

"చేతిలో గరిటె ఉండాది, ఎట్ల తీసేది?"

"గరిటె అవతల పారెయ్యి!"

"కూర మాడిపోతాదినా!"

"నీకు దండం పెడ్త తమ్మీ. ఏదన్న గిన్నెల పట్టి ఫ్రిజ్జుల వెట్టు!"

ఎట్లా వచ్చానో నాకే తెలియదు. దారంతా జనం కార్లు ఆపి రోడ్డు పక్క తెల్లదనాన్ని ఫోటోలు తీసుకుంటున్నారు. నేను దిగే సందు దొరికేసరికి అది కూడా నీళ్ళయిపోయింది. మహబూలా చేరేసరికి ఎండ వచ్చేసింది, మా వీధిలో చీలమండ లోతు నీళ్ళు నిలిచాయి. బండి దిగి పరుగెత్తబోయి ఆ నీళ్ళలోనే జారి పడ్డాను. కొత్త చొక్కా అంతా బురద.

గదిలోకి పోయేసరికి రూమ్మేట్ ఫ్రీజర్‌లోంచి ఒక స్టీలు గ్లాసు తీసి నా చేతిలో పెట్టాడు. గరిటె పక్కన పెట్టి, గ్లాసు కిటికీ బయటికి చాపి పట్టాడట. రాళ్ళన్నీ నిమ్మకాయంత ముద్దగా అంటుకుపోయి, పైన మూడు రాళ్ళు మాత్రం విడిగా గుండ్రంగా ఉన్నాయి. అతని మోచేతి మీద రాళ్ళు తగిలిన ఎర్రటి మచ్చలున్నాయి. "కూర మాడిపాయనా," అన్నాడు.

వీడియో కాల్ చేశాను. పది సార్లు మోగాక ఎత్తింది. కెమెరా నేరుగా గ్లాసు మీద పెట్టాను.

"చూడు బిడ్డా! గిప్పుడే పడ్డయి. బఠానీలు లేవు. ఒట్టు!"

కాసేపు చూసింది. "ఇవి మన రాళ్ళవాన రాళ్ళే గద బాపూ."

"అవు బిడ్డా. రాళ్ళే. కువైట్ల పడేది గిదే. మంచు కాదు." ఇక దాచడం నా వల్ల కాలేదు. "అప్పుడు పంపిన ఫోటో గూడ నాది కాదు. ఎవలదో. నేనసలు ఒక్కసారి గూడ చూడలే. ఇయ్యాల గూడ నేను లేనప్పుడే పడ్డయి."

"ఎరుకే."

"ఏమెరుకే?"

"అండ్ల నువ్వు లేవు గద. నువ్వు పంపే ఏ ఫోటోల ఉన్నవ్? మూడేండ్ల సంది మబ్బులే పంపుతున్నవ్. నీ ఫోటో పంపు అంటె మబ్బు ఫోటో పంపుతవ్. మంచు పేరు చెప్తెనన్న దాని పక్కన నిలవడ్తవనుకున్న. నిలవడ్డవు, గని మంకీ టోపీ వెట్టుకున్నవ్. అండ్ల ఉన్నది నువ్వో ఎవలో బళ్ళె ఎట్ల చెప్పాలె?"

రూమ్మేట్ మాడిన కూర గిన్నె పట్టుకొని అట్లాగే నిలబడిపోయాడు.

"గ్లాసు పక్కకు వెట్టి నీ మొకం చూపియ్యి, చార్టుకు స్క్రీన్‌షాట్ తీస్త," అంది.

ఫోన్ తిప్పాను. జుట్టు నుంచి నీళ్ళు కారుతున్నాయి, చెంప మీద బురద ఉంది. తుడుచుకోబోతే వద్దంది. గ్లాసు కూడా పక్కన కనిపించాలని చేత్తో ఎత్తి పట్టుకున్నాను. చేయి వేడికి రాళ్ళు ఒక్కొక్కటే కరుగుతున్నాయి. మూడు రెండయ్యాయి, రెండు ఒకటైంది.

"జెల్ది తియ్యి బిడ్డా, కరుగుతున్నయి!"

"కరిగితే కరగనియ్యి బాపూ. నువ్వు కదలకు."