చింతపిక్కలతో స్కూల్ లీడర్ ఎన్నిక

మా మనవరాలి చిన్నప్పుడు... బడి వరండాలో రెండు పాల డబ్బాలు. ఒకదాని మీద మందారం బొమ్మ, ఇంకోదాని మీద చేప బొమ్మ. ఒకటో తరగతి నుంచి అయిదో తరగతి దాకా పిల్లలందరూ తలా ఒక చింతపిక్క పట్టుకుని వరుసలో నిలబడ్డారు. స్కూల్ లీడర్‌ని ఎన్నుకోవడానికి...

2000 దాటిన మూడు నాలుగేళ్లకి జరిగిన సంగతి ఇది. విశాఖలో కూర్మన్నపాలెం వైపు ఒక చిన్న ఎలిమెంటరీ స్కూలు. అల్లుడికి స్టీల్ ప్లాంటులో ఉద్యోగం. నేను గోదావరి జిల్లాలో హైస్కూలు లెక్కల టీచరుగా రిటైరై, కూతురి దగ్గరికి వచ్చి ఉంటున్నాను.

చిన్న క్లాసుల వాళ్లకి పేర్లు రాయడం రాదు కదా... అందుకని చింతపిక్కలు. ఎవరు కావాలనుకుంటే వాళ్ల డబ్బాలో వెయ్యడమే. మందారం మా మాధవిది. చేప సుజాతది. ఇద్దరూ అయిదో తరగతి, ఒకటే బెంచీ.

ఆ బళ్లో శనివారం మధ్యాహ్నం పాఠాలుండేవి కావు. తోట క్లబ్బు, గోడపత్రిక, కథల క్లబ్బు... అన్నీ నడిపించేది లీడరే. పుస్తకాల బీరువా తాళం కూడా లీడరు దగ్గరే ఉండేది. మాధవికి కావలసింది ఆ తాళమే. అద్దాల వెనక ఎనభై ఆరు పుస్తకాలు. బయట నిలబడే పేర్లన్నీ చూసి నోట్‌బుక్కులో ఎక్కించుకుంది. ఏ శనివారం ఏ కథ, ఎవరు చదవాలి, ఒకటో తరగతి వాళ్లకి బొమ్మలున్నవి ఏవి... అంతా రాసి పెట్టుకుంది.

"మీరు లెక్కల టీచరు కదమ్మా, ఓట్ల లెక్క మీరే చూడండి" అని హెడ్మాస్టరు గారు నన్ను పిలిచారు. మనవరాలు పోటీలో ఉంది కాబట్టి వద్దనాల్సింది. నా మీద నాకు అంత నమ్మకం మరి... ఒప్పుకున్నాను.

వరండా చివర తల్లులు కొందరు నిలబడి ఉన్నారు. సుజాత వాళ్లమ్మ నాకు వినబడేలాగే పక్కావిడతో అంది. "మనవరాలు నిలబడితే మామ్మగారు లెక్కెట్టడం ఏటమ్మా? ఇంకెందుకీ పిక్కలు, ఆ తాళమేదో ఇంటికి పట్టుకుపోతే సరిపోద్ది."

పక్కావిడ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఆ మాట నాలో నాటుకుంది. ఎలా వెయ్యాలో ముందు చిన్న పిల్లలకి చూపించాలి. మా పిల్ల డబ్బా ముట్టుకుంటే ఏమంటారోనని, చేప డబ్బాలో ఒక పిక్క వేసి చూపించాను. "ఇలా వెయ్యాలి. ఒక్కటే. పక్కవాళ్లని అడగకూడదు."

ఆ పిక్క మళ్లీ తియ్యడం మరిచిపోయాను. ముప్పై ఏళ్లు పిల్లలకి లెక్కలు సరిచూసుకోమని చెప్పినదాన్ని...

హాజరైన పిల్లలు 117. మందారం 59. చేప 59. మళ్లీ లెక్కపెట్టాను. మూడోసారీ పెట్టాను. 118.

"ఎవడో రెండేసీసినాడు" అని ఒకడు. "మీ క్లాసోడే" అని ఇంకొకడు. వరుసలు చెదిరిపోయాయి. హెడ్మాస్టరు గారు నావైపు చూశారు. "ఒకటి ఎక్కువ వచ్చింది. ఈ ఎన్నిక చెల్లదు" అన్నాను. గట్టిగా అన్నాను, వరండా చివరి దాకా వినపడాలని.

ఇంటికి నడిచి వస్తుంటే మాధవి అంది...

"అమ్మమ్మా, నువ్వు సూపించడానికి ఏసిన పిక్క తియ్యనేదు కదేటి? సుజాత డబ్బాలోనే ఉండిపోయింది. మరి నాను గెలిసినట్టే కదా?"

అక్కడే ఆగిపోయాను. సుజాతకి 58, మాధవికి 59. పిల్ల చెప్పింది నిజం.

"అక్కడే ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు లెక్కెట్టినప్పుడు మాట్టాడితే తిడతావు కదా."

వెనక్కి వెళ్తే పావుగంట నడక. కానీ వెళ్లి ఏమని చెప్పాలి? మనవరాలి కోసం ముసలావిడ కథ అల్లిందనరూ? సుజాత వాళ్లమ్మ ముఖం కళ్ల ముందు మెదిలింది.

"ఈ మాట ఎక్కడా అనకు" అన్నాను. అది చాలదన్నట్టు, "'నాను' కాదు, 'నేను' అనాలి" అని కూడా అన్నాను.

"సరే అమ్మమ్మా" అంది.

సోమవారం మళ్లీ పెడతారనుకున్నాను. పెట్టలేదు. గొడవలొస్తున్నాయి, ఇకమీదట లీడర్ని టీచర్లే నియమిస్తారని ప్రార్థనలో చెప్పేశారట. బడికి బెంచీలిచ్చిన కాంట్రాక్టరు గారి అబ్బాయిని పెట్టారు. వాడికి పుస్తకాల మీద ధ్యాస లేదు, అది వాడి తప్పూ కాదు. బీరువా తాళం హెడ్మాస్టరు గారి సొరుగులోకి వెళ్లింది. ఏడాది తిరక్కుండానే శనివారం మధ్యాహ్నాలు రెసిడెన్షియల్ స్కూలు ఎంట్రన్స్ కోచింగ్ అయిపోయాయి. సుజాత వేరే బెంచీకి మారింది. మాధవి ఆ నోట్‌బుక్కులో మిగిలిన పేజీల్లో ఇంగ్లీషు కాపీ రాసుకుంది.

హైస్కూల్లో గానీ కాలేజీలో గానీ, ఎవరు నిలబడతారని అడిగితే మాధవి చెయ్యెత్తిన రోజు లేదు. ఒకసారి ఎందుకే అని అడిగితే, "నాకెందుకులే అమ్మమ్మా" అంది. నాకు ఆ తర్వాత అడిగే ధైర్యం లేకపోయింది.

ఇప్పుడు తనకి ముప్పై దాటాయి. పోయిన నెల కూర్చోబెట్టి చెప్పాను. ఆ రోజు నువ్వే గెలిచావు, నలుగురూ ఏమంటారోనని భయపడి నీ నోరు మూయించాను, తప్పు నాది అని. ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పని మాట...

బట్టలు మడతపెడుతున్నది తల ఎత్తలేదు. "అదా... నాకు గుర్తే లేదమ్మమ్మా" అంది. చాలా మర్యాదగా అంది, బయటివాళ్లకి జవాబు చెప్పినట్టు.

ఇప్పటి బళ్లలో లీడర్లకి బ్యాడ్జీలు, భుజం మీద పట్టీలు, స్టేజీ మీద ప్రమాణాలు, సాయంత్రానికల్లా ఫోన్లలో ఫొటోలు... ఎవరు కావాలర్రా అని పిల్లల్ని అడిగే బడి మాత్రం నాకు కనపడలేదు.

మీ బళ్లో లీడర్ని ఎలా ఎన్నుకునేవారో కింద రాయండి. ఓడినవాళ్లు కూడా రాయండి...

మా మాధవి మాత్రం రాయదు.