రెండో జత కట్టే చోటు

ఆ రోజుల్లో మా హిందూపురంలో సైకిలుంటే మనిషి సగం పెద్దమనిషి. మిగతా సగం కూడా పూర్తి కావాలంటే ఆ సైకిలు మీద నందికొండ ఎక్కి రావాలి. ఇరవై రెండేళ్ళ వయసులో, తాలూకా ఆఫీసులో గుమాస్తాగా చేరిన కొత్తలో, నేను ఆ రెండూ సాధించేసి ఇంకేమి మిగిలిందా అని దిక్కులు చూస్తుండేవాణ్ణి. ఇప్పుడు తలచుకుంటే ముందు గుర్తొచ్చేది అలసటే. ఆనందం కూడా ఉండిందా అని నాకు అప్పుడప్పుడు అనుమానం వస్తుంది (మా ఆవిడకైతే అనుమానమే లేదు).

మా ఊరి హైస్కూల్లో డ్రిల్లు మాస్టరు ఒకాయన ఉండేవాడు. డ్రిల్లయ్యవారు అనేవాళ్ళం. ఆయనా, ఆయన స్నేహితుడు టైలరన్నా వచ్చే వేసవిలో ఊటీ దాకా సైకిళ్ళ మీద పోవాలని తీర్మానించుకున్నారు. తోడుకు మూడోవాడొకడు కావాలి. ఆ మూడోవాణ్ణి నేనే కావాలని నాకు తిండి సహించేది కాదు. మా ఆఫీసు గోడ మీద క్యాలెండరులో ఊటీ బొమ్మ ఉండేది. ఏడాదికి నాలుగు వానలు పడితే గొప్ప అనుకునే సీమలో పుట్టినవాణ్ణి, అంత పచ్చదనం ఒక్కచోట ఉంటుందంటే కళ్ళారా చూస్తే గానీ నమ్మలేను. అయ్యవారు మాత్రం ఒక షరతు పెట్టాడు. "నందికొండ, పెనుకొండ మన కాళ్ళకు కంఠపాఠమైపోయినాయబ్బా. ఎవురికీ తెలీని మిట్ట ఒకటి కనిపెట్టు. మేమిద్దరం దిగకుండా ఎక్కలేనట్లు ఉండల్ల. కనిపెడితే ఊటీకి వస్తావు, లేకుంటే లేదు."

ఇంక నా ఆదివారాలన్నీ మిట్టల పాలైనాయి. మొదటి వారం చిలమత్తూరు పక్కన గొర్రెలు కాసే ఒకాయన దారి చూపించాడు. గొర్రెలు ఎక్కాయి, వాటి వెనక నేనెక్కాను, సైకిలు నా భుజమెక్కింది. రెండో వారం ఆఫీసు మ్యాపులో గీత చూసుకుని గాండ్లపెంట దాకా పోయాను. గీత ఉంది గానీ బాట లేదు. సోమవారం కుర్చీలో కూర్చోలేక నిలబడే ఫైళ్ళు రాసేవాణ్ణి. మా హెడ్డు గుమాస్తా దాన్ని వినయమనుకుని నన్ను మెచ్చుకున్నాడు. మా అవ్వ మాత్రం, "బస్సుండాది, రైలుండాది. దేవుడిచ్చిన కాళ్ళు ఎందుకురా అరగదీసుకుంటావు?" అని నూనె కాచి మర్దన చేసేది.

ఐదో వారం నాకొక తెలివి తట్టింది (ఆ రోజుల్లో నా తెలివి మీద నాకు చాలా గౌరవం). బరువు బండి మిట్ట ఎక్కలేని చోట బండివాళ్ళు వెనక బండి ఎద్దుల్ని విప్పి తెచ్చి ముందు బండికి రెండో జతగా కడతారు. అది గట్టెక్కాక నాలుగెద్దుల్నీ వెనక్కి తోలుకొచ్చి రెండో బండిని లాగిస్తారు. అంటే రెండో జత ఎక్కడ కడతారో తెలిస్తే మిట్ట తెలిసినట్టే గదా! నేరుగా చింతపండు మార్కెట్టుకు పోయాను. కనగానపల్లి వైపు నుంచి బండి తోలుకొచ్చిన పెద్దాయన ఒకడు బండి నీడలో బీడీ కాలుస్తున్నాడు.

"పెద్దాయనా, మీ దారిలో రెండో జత యాడ కడతారు?"

"ధర్మవరం దాటినాక, మా ఊరు ఇంగ రెండు మైళ్ళుందనంగా. ఆడ రెండు జతలు కట్టినా ఎద్దులు నురగలు కక్కుతాయప్పా. ఒగోసారి మోకాళ్ళ మింద పడతాయి."

"సైకిలు పోతుందా?"

ఆయన నా కాళ్ళను ఒకసారి, సైకిలును ఒకసారి చూసి, "తొక్కేదానికి కాదులేప్పా" అన్నాడు.

నా గుండె ఊటీ దాకా ఎగిరింది.

రెండు రోజులు సెలవు కలిసొచ్చినప్పుడు ముగ్గురం బయలుదేరాం. ఎదురుగాలి. పెనుకొండ చేరేలోపలే టైలరన్న టైరు రెండుసార్లు పంక్చరైంది. ఆ రాత్రి సత్రంలో పడుకుని, తెల్లారి ధర్మవరం మీదుగా సాగాం. దారిలో చిన్న చిన్న మిట్టలు వస్తే, "ఇవేం మిట్టలు సార్! అసలుది ముందుంది, కాళ్ళు దాచుకోండి" అని నేనే ముందు దిగి వాళ్ళను కూడా నడిపించాను. మధ్యాహ్నానికి పెద్దాయన చెప్పిన చోటికి చేరాం. ఎదురుగా ఎండిపోయిన ఏరు. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా ఇసుక. సైకిలు దించగానే ముందు చక్రం రిమ్ము దాకా దిగబడింది. నేను మిట్ట కోసం నాలుగు దిక్కులూ చూశాను. చీమలపుట్ట ఎత్తు కూడా లేదు.

అంతలో వేరుశనక్కాయ మూటలతో రెండు బండ్లు అవతల నుంచి వచ్చి ఏట్లో ఆగాయి. బండాయన వెనక ఎద్దుల్ని విప్పుతున్నాడు. "అన్నా, ఈడ మిట్ట యాడుండాది?" అని అడిగాను.

"మిట్టా? ఈడ మిట్ట యాడిదప్పా? ఇసక గదా ఎద్దుల్ని చంపేది!"

డ్రిల్లయ్యవారు నావైపు తిరిగాడు. "మార్కెట్టులో నువ్వు ఆ పెద్దాయన్ను ఏమడిగినావబ్బా?"

"రెండో జత యాడ కడతారని."

"ఎందుకు కడతారని అడిగినావా?"

"లేదు సార్."

ఆయన చెప్పులు విప్పి ఇసుక దులుపుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. బండాయనే, "ఊరికే నిలబడినారు, చక్రం మింద చెయ్యెయ్యండప్పా" అన్నాడు. రెండు బండ్లూ తోసి, తరువాత సైకిళ్ళు భుజానేసుకుని, మోకాటి లోతు దిగబడుతూ మళ్ళీ ఇవతలి గట్టెక్కాం. టైలరన్న వెల్లకిలా పడుకుని, "అయ్యవారూ, ఊటీలో ఇసక ఉంటాదా?" అన్నాడు. ఎవరికీ నవ్వే ఓపిక లేదు. ధర్మవరంలో రైలెక్కినప్పుడు నేను సిగ్గు చంపుకుని, "సార్, ఊటీ?" అన్నాను. "మిట్ట దొరికిందా?" "లేదు." "మాట మాటేనబ్బా." పెనుకొండ వచ్చేదాకా నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. బొగ్గు నలుసు పడిందని కళ్ళు తుడుచుకున్నాను. నలుసేమీ పడలేదు.

ఆ వేసవిలో వాళ్ళు కొత్తగా వచ్చిన సైన్సు మాస్టర్ను వెంటబెట్టుకుని ఊటీ పోయొచ్చారు. డ్రిల్లయ్యవారు మా ఇంటికొచ్చి నా చేతిలో నీలగిరి తైలం సీసా ఒకటి పెట్టి, "నీ మోకాళ్ళకబ్బా" అన్నాడు. కోపంతో నేను దాని మూత కూడా తీయలేదు. అవ్వే తీసి, తన మోకాళ్ళకు పూసుకుని ఖాళీ చేసింది.

తరువాత ఊటీకి బస్సులో పోయే వీలు ఎన్నిసార్లో వచ్చింది. బస్సులో పోవడానికి మనసొప్పలేదు. ఇప్పుడు మా ఇంటి మేడమెట్లు పద్నాలుగు. ఏడో మెట్టు దగ్గర నిలబడి, "ఈడ రెండో జత కట్టాల్సిందే" అంటాను. మా ఆవిడ వచ్చి రెక్క పట్టుకుంటుంది. పైకి చేరాక మందుల షాపు నుంచి తెచ్చిన నీలగిరి తైలం మోకాళ్ళకు రాస్తుంది. ఎందుకని ఒక్క మాట అడగడం తెలియని ఆ కుర్రగుమాస్తా మీద నాకిప్పుడు కోపం లేదు, నవ్వొస్తుంది, కొంచెం జాలి కూడా. కళ్ళు మూసుకుని వాసన పీలుస్తాను. నేను చూసిన ఊటీ అదే.