లింగం మాస్టారి కళ్ళకు చెల్లెలి సంతకం

నేను చెప్పేవాటిలో సగం తీసేసి వినడం మా రాజమండ్రిలో ఆనవాయితీ. ఆ రోజు పొద్దున్న ఏడున్నరకు ఎక్కిన కాకినాడ పాసింజరును ద్వారపూడి దగ్గర ఒక బాతుల మంద దాటిపోయింది. అందులోనూ సగం తీసేసుకోండి. దాటకపోయినా, సమానంగా మాత్రం వచ్చాయి.

ప్రయాణం లింగం మాస్టారిది. మా పక్కవాటాలో ఉంటారు. రిటైరైన సైన్సు మాస్టారు. పేరులో లింగాన్ని పెట్టుకుని దేవుడు లేడని ఊరంతా చెప్పే మనిషి. భార్య పోయింది, పిల్లలు లేరు. తండ్రికి కర్మ చెయ్యనన్నందుకు అన్నదమ్ములు మాటలు మానేశారు. ఆయన తన కళ్ళను కాకినాడలో ఒక ఆసుపత్రికి రాసిద్దామనుకున్నారు. మనిషి పోయిన కొద్ది గంటల్లోనే ఆసుపత్రికి కబురు అందాలి. ఆ కబురు చేస్తానని ఇంటిమనిషి ఎవరైనా సంతకం పెట్టాలన్నారు. ఆయనకు మిగిలింది ఒక్కరే, ఇరవై ఏళ్ళుగా "చెల్లెమ్మా" అని పిలుస్తున్న మా ఆవిడ సుబ్బలక్ష్మి.

కళ్ళిచ్చినవాళ్ళు వచ్చే జన్మలో గుడ్డివాళ్ళై పుడతారని ఆవిడ చిన్నప్పటినుంచీ వింటూ పెరిగింది. "దారిలో సామర్లకోటలో దిగుదాం. భీమేశ్వరుణ్ణి అడిగి అప్పుడు చెబుతాను" అంది. మాస్టారు పళ్ళు నూరుకుంటూనే ఒప్పుకున్నారు.

కడియంలో మొక్కల బుట్టతో ఎక్కి మా ఎదుట సర్దుకున్న ఒకాయన, దేవుడి మీద మా వాదన కాసేపు విని ఇక ఆగలేకపోయాడు. "మీరిద్దరూ నాస్తికులేనాండి?"

"నేను నాస్తికుణ్ణి. దేవుడు లేడంటాను. మా బావగారు ఉన్నాడో లేడో తెలీదంటారు" అన్నారు మాస్టారు. "ఇలాంటివాళ్ళని పుస్తకాల్లో అజ్ఞేయవాదులంటారు. మన వీధుల్లో గోడమీద పిల్లులంటారు."

"పిల్లికి గోడ మీంచి రెండు పెరళ్ళూ కనిపిస్తాయి మాస్టారూ" అన్నాను.

"మరి మీరు దణ్ణం పెడతారాండి?" అని మొక్కలాయన నన్నడిగాడు.

"పులిహోర పెడితే చేతులు వాటంతటవే లేస్తాయి. నమ్మకం మాత్రం లేదు."

"ఈయనకీ లేదు కదండి. ఇంక తేడా ఏంటి?"

మంచి ప్రశ్నే. నమ్ముతారా అని అడిగితే ఇద్దరం లేదనే అంటాం. తెలుసా అని అడిగితేనే పేచీ. "లేడని రుజువు చెయ్యగలరా?" అన్నాను. మాస్టారు కిటికీవైపు తిరిగి, "చెయ్యలేను. అయినా లేడు" అన్నారు. ఆ "చెయ్యలేను" వరకు ఆయనా నా గోడ మీదే కూచున్నారన్నమాట.

"మీ గొడవ సరేగానీ" అంది మా ఆవిడ నాతో, "అన్నయ్యగారు గుడ్డివారై పుడతారా, పుట్టరా?"

"తెలీదు."

"తెలీకుండానే నన్ను సంతకం పెట్టమంటున్నారా?"

ఎవరో స్వామీజీ ఏమీ కాదన్నారని చెబితే నమ్మేసేది. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. మాస్టారి మొహం చూశాను. అలా తెచ్చిన సంతకం ఆయనకు అక్కర్లేదు. అబద్ధాన్ని మింగేశాను.

తొమ్మిదింపావుకి సామర్లకోటలో దిగాం. స్టేషను బయట ఇడ్లీ బాగుంది, టిక్కెట్లకంటే టిఫినుకే ఎక్కువైంది. గుడికి రిక్షా దొరుకుతుంది. మధ్యాహ్నం తలుపులు వేసేస్తారు గనక పొద్దున్నే వెళ్ళండి. లింగం కింది అంతస్తులో మొదలై పై అంతస్తులోకి లేచి ఉంటుంది. మా ఆవిడ పైకెక్కి అరగంట కదలకుండా నిలబడింది. నేను రాతి చల్లదనానికి ఒక స్తంభాన్ని ఆనుకున్నాను. మాస్టారు చెప్పులకు కాపలా అంటూ బయటే ఉండిపోయారు.

"ఏమన్నాడు చెల్లెమ్మా, మీ దేవుడు?" మేం రాగానే వెటకారంగానే అడిగారు గాని, ఆవిడ మొహం మీంచి చూపు తియ్యలేదు.

"ఆయనేమీ అనలేదు. నాకే తోచింది. మూడు కళ్ళున్నవాడు, ఉన్న రెండూ ఇచ్చేసిన మనిషిని గుడ్డివాడిగా పుట్టిస్తాడా అన్నయ్యగారూ? అంత పిసినారి దేవుడైతే నాకెందుకు?"

ఎదురు చెబితే సంతకం పోతుంది. ఒప్పుకుంటే సిద్ధాంతం పోతుంది. మాస్టారు వంగి, చాలాసేపు చెప్పులు తొడుక్కున్నారు.

బస్సులో అరగంటకల్లా కాకినాడ. ఆసుపత్రిలో కాగితాలు రాసే అమ్మాయి, "సొంత అన్నయ్యగారేనాండి?" అని అడిగింది.

"పిలుపు చెల్లెల్నమ్మా. పక్కవాటా. పొద్దున్నే ఆయన దగ్గు వినపడకపోతే ముందు లేచేది నేనే."

"అలాంటి మనిషే కావాలండి" అని, 'పిలుపు చెల్లెలు' అనే కాగితం మీద రాసింది. మా ఆవిడ సంతకం చేసింది. తర్వాత ఆ అమ్మాయి నావైపు తిరిగింది. "మీరూ రాస్తారాండి?"

"చచ్చాక ఏమవుతుందో నాకు తెలీదమ్మా."

"నాకూ తెలీదండి. అదుగో, ఆ బెంచీ మీదాయన మాత్రం ఏడాదిగా కళ్ళకోసం తిరుగుతున్నాడు. ఈ గడిలో పెట్టండి."

పెట్టాను.

నాలుగింటి పాసింజరుకి తిరిగి బయల్దేరాం. దేవుడి సంగతి వెళ్ళేటప్పుడు ఎక్కడ ఉందో వచ్చేటప్పుడూ అక్కడే ఉంది. దానికోసం ఏ పనీ ఆగలేదు. బిక్కవోలు దాటాక మాస్టారు మా ఆవిడవైపు తిరిగారు.

"చెల్లెమ్మా, ఒకవేళ మీ దేవుడుంటే, ఒకవేళ వచ్చే జన్మంటూ ఉంటే, నన్ను మళ్ళీ మీ పక్కవాటాలోనే పడెయ్యమను."

"మాస్టారూ, 'ఒకవేళ' నా మాట" అన్నాను.

మా ఆవిడ మాత్రం నవ్వలేదు. "అలాగే అన్నయ్యగారూ, చెబుతాను" అంది.