నా సంతకమే అడ్డం పడింది

రాయ్‌పూర్ పక్కన బీర్‌గావ్‌లో తెలుగువాళ్లు ఒక కథ చెప్పుకుంటారు. భవాని అనే అమ్మాయి కాలేజీ సీటు కోసం నేను ప్రిన్సిపాల్ బల్ల మీద గుద్దానట, ఆయన హడలిపోయి సంతకం పెట్టేశాడట. శుద్ధ అబద్ధం. ఆ రోజు హడలిపోయింది నేను.

అది 2014 వర్షాకాలం. విద్యార్థి సంఘం నాయకురాలిగా కాలేజీ గేట్ల ముందు గొంతు చించుకున్న రోజులు గడిచి అప్పటికి పదేళ్లయింది. రాయ్‌పూర్‌లో చిన్న గది తీసుకుని ఏ కోర్సు, ఏ కాలేజీ, ఏ కాగితాలు అని పిల్లలకు సలహాలు చెబుతున్నాను. దీన్ని అడ్మిషన్ కౌన్సెలింగ్ అంటారు. సగం పని కాగితాలు చదవడం, మిగతా సగం తండ్రులతో వాదించడం.

భవాని తండ్రి అప్పన్న శ్రీకాకుళం నుంచి వచ్చి సిల్తారా స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాడు. అమ్మాయికి బీఎస్సీలో మొదటి లిస్టులోనే సీటొచ్చింది. నివాస ధ్రువపత్రం మాత్రం తహసీల్ ఆఫీసులో ఇరుక్కుంది. చేతికొచ్చేసరికి అడ్మిషన్ చివరి తేదీ దాటి ఒక రోజైంది.

“ఏటి చేస్తాం మేడమ్, సోమారం నుంచి దీన్ని ఉర్లా ఫేక్టరీలో పేకింగ్ పనికి రమ్మన్నారు. కాలేజీ వచ్చే ఏడు చూద్దుం” అన్నాడు అప్పన్న.

“వచ్చే ఏడు నువ్వు పంపవు నాన్నా” అంది భవాని. నా వైపు తిరిగింది. “దీదీ, సచ్ చెప్పండి. పేకింగ్‌కి ఎల్లినోళ్లు ఒక్కరైనా వాపస్ కాలేజీకి వచ్చారా?”

నాకు తెలిసి ఒక్కరూ రాలేదు. ముగ్గురం కాలేజీకి బయల్దేరాం.

ప్రిన్సిపాల్ నన్ను చూసి నవ్వాడు. మా ధర్నా రోజుల్లో ఆయన అక్కడే లెక్చరర్. బీరువాలోంచి పాత ఫైలు తీసి ముందు పెట్టాడు. చివరి తేదీ దాటాక ఒక్క అడ్మిషన్ కూడా ఇవ్వకూడదని అందులో ఉంది. కింద అప్పటి ప్రిన్సిపాల్ సంతకం, పక్కన నాది. సీట్లు దొడ్డిదారిన పోతున్నాయని పదకొండు రోజులు గేటు ముందు కూర్చుని నేనే రాయించిన ఒప్పందం!

“రూల్ ఆప్ కా హై మేడమ్‌జీ. ఆప్ హీ తోడేంగీ?” మీ రూలు మీరే తెంచుతారా అని.

హడలిపోయి ఫైలు మూయబోయాను. అప్పన్న లేచి నిలబడ్డాడు. భవాని మాత్రం కుర్చీలోంచి కదల్లేదు.

“దీదీ, వెనక పేజీ కూడా ఉంది.”

తిప్పి చదివాను. వేకెన్సీ లిస్ట్, అంటే నిండని సీట్ల జాబితా, బోర్డు మీద పెట్టాలి. పెట్టిన రోజు నుంచి మూడు రోజుల దాకా గడువు ముగిసినట్టు కాదు. అదీ నేను రాయించిందే, నేనే మరిచిపోయాను.

“లిస్ట్ ఎక్కడ పెట్టారు సార్?”

“ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు.”

“ఇప్పుడు అడుగుతున్నాను. ఆ మూడు రోజుల గడువు ఇంకా మొదలే కాలేదు.”

బల్ల గుద్దలేదు. దరఖాస్తు రెండు కాపీలు రాసి, ఒకదాని మీద రిసీవింగ్, అంటే అందినట్టు ముద్ర, వేయించుకునే దాకా లేవలేదు. సాయంత్రానికి లిస్ట్ బోర్డెక్కింది. బీఎస్సీలో నాలుగు ఖాళీలు! అందులో ఒకటి దక్కించుకున్న భవాని ఇప్పుడు అభన్‌పూర్‌లో పిల్లలకు కెమిస్ట్రీ చెబుతోంది.

రూలు రాయించి దండలు వేయించుకుని వెళ్లిపోవడం సులువు. ఏటా వెళ్లి బోర్డు చూడాలి. ఇప్పుడు ప్రతి జూలైలో చూస్తున్నాను.

లిస్ట్ పెట్టని ఆ ఏళ్ల ఖాళీ సీట్ల లెక్క కావాలని కాలేజీకి అర్జీ పెట్టాను. రికార్డు లేదని జవాబిచ్చారు. మళ్లీ పెట్టాను, మళ్లీ పెడతాను. ఆ ఖాళీ సీట్లలో దొడ్డిదారిన ఎవరు కూర్చున్నారు?