తాటిమోడు మీద రెండు కాగితాలు

రాజమహేంద్రవరం చివర, గోదావరి గట్టు పక్కనున్న తోటలో ఊళ్లోవాళ్లందరూ సాయంత్రాలు తిరుగుతారు. అక్కడి తోటమాలి, మేమంతా తాతా అని పిలిచే ముసలాయన, పోయిన వారం చనిపోయాడు. మద్రాసు కాలేజీ నుంచి వేసవి సెలవులకు రైలు దిగగానే నాన్న చెప్పారు. పెట్టె గుమ్మంలోనే వదిలేసి తోటకు వెళ్లాను. తాత రెండు నెలలు మంచం పట్టాడట. గడ్డి మోకాలెత్తు పెరిగి ఉంది.

గడ్డి కోసే ముందు ఆయన కర్రతో నేలను మూడుసార్లు తట్టి, ఒక చుట్ట కాల్చినంతసేపు ఆగేవాడు. ఎందుకని చిన్నప్పుడు అడిగాను.

"లోపలున్నోళ్లు లేచి వెళ్లొద్దాండి? తలుపు కొట్టకుండా కత్తట్టుకుని మనింటికొత్తే ఊరుకుంటామా?"

ముందు ముంగిస, వెనకే దాని పిల్లలు, ఒక్కోసారి అందరికన్నా చివర ఉడుము నడిచి వెళ్లేవి. "జమీందారుగారండి. ఆయనకి తొందరుండదు" అనేవాడు.

ఇప్పుడు బెంచీలున్న చోట ఆనకట్ట కట్టే రోజుల్లో సున్నం బట్టీలుండేవట. వాళ్లమ్మ ఆయన్ని ఒక తాడిచెట్టు నీడన కూర్చోబెట్టి సున్నం మోసేదట. మొక్కకు గొయ్యి తీస్తే ఇప్పటికీ తెల్లటి గడ్డలు పైకొస్తాయి. తాత వాటిని ఏరి ఆ తాడి మొదట్లో పేర్చేవాడు. "మాయమ్మ మోసినవండి, ఎక్కడ పారేత్తాను?"

ఒక గాలివానకు ఆ తాడి తల విరిగిపోయింది. మిగిలిన మోడులోని తొర్రల్లో చిలకలు కాపురం పెట్టాయి.

రెండేళ్ల కిందట క్రిస్మస్ సెలవుల్లో, ఏమీ తోచక, తోట బాగోగులు చూసే సర్కారు కచేరీకి ఇంగ్లీషులో కాగితం రాశాను. మోడు పిల్లల మీద పడుతుందేమో, కొట్టించండి అని. రాసిందాన్ని రెండుసార్లు పైకి చదువుకుని మురిసిపోయాను కూడా. వేసవికి తిరిగొచ్చేసరికి కొట్టెయ్యమని ఉత్తర్వు వచ్చింది. తలపాగా చేత్తో పట్టుకుని తాత మా గుమ్మంలో నిలబడ్డాడు.

"ఎవరో పెద్దోళ్లు కాగితం పెట్టారంటండి. తొర్రల్లో పిల్లలున్నాయి, ఇంకా రెక్కలు రాలేదు. మీరో కాగితం రాసిపెట్టండి, అమ్మాయిగారూ."

ఆ పెద్దోళ్లు నేనేనని చెప్పలేకపోయాను. "అది పడితేనో, తాతా?" అన్నాను.

"చుట్టూ కంచె కట్టేత్తానండి. ఎవరూ దగ్గరికి రారు."

రెండో కాగితం మొదటిదానికన్నా కష్టపడి రాశాను. కంచె కట్టాలన్న షరతు మీద ఉత్తర్వు ఆగింది. ఆ తర్వాత ఎప్పుడు వచ్చినా నిజం చెప్పేయాలనే తోటకు వెళ్లేదాన్ని. నేను నోరు తెరిచేసరికి ఆయన ఏ వడ్రంగిపిట్టనో చూపించేవాడు.

ఈసారి ఆయన భార్యకు చెప్పాను. మామ్మ చేటలో బియ్యం ఏరుతూనే వింది.

"మీ పేరు కచేరీ గుమాస్తా అప్పుడే చెప్పాడండి. ముడేసిన చెయ్యే విప్పాలని మీ దగ్గరికొచ్చాడు."

"మరి ఎవరో పెద్దోళ్లు అన్నాడే?"

"మీరు తలొంచుకుంటారని."

మళ్లీ తోటకు వెళ్లాను. కంచెకు ఆనించి ఉన్న ఆయన కర్ర తీసుకుని నేలను మూడుసార్లు తట్టాను. ఒక చుట్ట కాల్చినంతసేపు ఆగాను. గడ్డి ఒక చోట విడిపోయింది, ఎవరికీ భయపడని జమీందారుగారి వీపు తీరిగ్గా గోదావరి వైపు సాగిపోయింది. మోడు పైతొర్రలోంచి ఒక చిలకపిల్ల తల బయట పెట్టి, ఎవరు తట్టారా అన్నట్టు కిందికి చూసింది.