అవ్వ పండ్లపొడి మీద నేను మోపిన నేరం

ఈ విపత్తులో రూఢి అయినదాన్నీ వినికిడినీ ముందే వేరుచేస్తాను. పంతొమ్మిది వందల నలభైల్లో, బెంగళూరులో ఇంటర్మీడియట్ సైన్సు చదువుతున్న నా చిగుళ్ళ నుంచి రక్తం కారిందన్నది రూఢి. కారకుణ్ణి నేనేనన్నదీ రూఢి. దంతవైద్యుడి కుర్చీలో మూర్ఛపోయానన్నది మాత్రం మా నాయన ప్రచారం. కళ్ళు మూసుకున్నాను, అంతే.

మా ఇంట్లో తెల్లవారితే నీళ్ళు కాగే హండె కింద మంట రాజుకొనేది. ఆ పొయ్యి బొగ్గునే ఉప్పుతో నూరి, గుడ్డలో జల్లించి, అవ్వ అందరి అరచేతుల్లోనూ పోసేది.

"ఇది రుద్దినోళ్ళకి చిగుళ్ళ జబ్బు రాదప్పా."

"రుజువేమి?"

"నా పండ్లే!"

ఒక్క నోటిని రుజువుగా అంగీకరించడానికి నా శాస్త్రీయ మనస్సు ఒప్పుకోలేదు. కనుక ఎడమ పక్క పొడితో తోముతూ, కుడి పక్కను వట్టి పుక్కిలింతకు వదిలేశాను. (ఒక్క నోటిని ఒప్పుకోనివాడు ఒక్క నోటితోనే ప్రయోగానికి దిగాడని మీరు గమనించే ఉంటారు. నేను గమనించలేదు.)

కొన్ని వారాలకు జామకాయ కొరికితే కాయ మీద ఎరుపు. నొప్పి లేదు, చిగుళ్ళ జబ్బు చెప్పులు చేతబట్టుకున్న దొంగలా వస్తుంది. అద్దంలో చూస్తే కుడి పక్క చిగుళ్ళు వంకాయ రంగులో ఉబ్బి ఉన్నాయి. మరొకడైతే కుడి అనే అనుకునేవాడు. నేను అప్పుడే దర్పణాల పాఠం చదివినవాణ్ణి: అద్దం కుడి ఎడమలను తారుమారు చేస్తుంది. కాబట్టి చెడినది ఎడమ. అంటే, పొడే విషం!

పొడి డబ్బాను పెరటి దిబ్బ మీద బోర్లించాను. అవ్వ ఖాళీ డబ్బాను కడిగి ఎండలో పెట్టింది. అది చూసే నా సగం ధైర్యం పోయింది. మిగిలిన సగం నాయన తీశాడు.

"పక్కింటాయనకి ఇట్లే మొదలై పండ్లన్నీ పీకేసినారు. పద, దండులో, అదే కంటోన్మెంటులో, పండ్ల డాక్టరు ఉండాడు."

కుర్చీ పక్కన పళ్ళెంలో పట్టకారులు, విందుకు పంక్తిలో కూర్చున్న బంధువుల్లా, వడ్డన కోసం ఎదురుచూస్తున్నాయి.

"ఏ పక్కప్పా?" అన్నాడు డాక్టరు.

"ఎడమ."

నొక్కి చూశాడు. "ఈ పక్క బంగారంలా ఉండాది గదా!" వేలు కుడికి జరిగింది. నేను ఉమ్మిన గిన్నె ఎర్రబడింది. డాక్టరు నాయన వైపు తిరిగాడు. "కుడి ఎడమ తెలీదా పిల్లోడికి?"

"ఇంటర్మీడియట్ సైన్సు," అన్నాడు నాయన, రోగం పేరు చెబుతున్నట్లు.

నేను దర్పణ సూత్రం విన్నవించాను. డాక్టరు చేతి అద్దం నా ముందు పెట్టాడు.

"ఎడమ కన్ను మూయి. అద్దంలో మూసుకున్న కన్ను నీకు ఏ పక్కనుండాది?"

ఎడమ పక్కనే ఉంది. అద్దంలోని మనిషికది కుడి కన్ను కావచ్చు. చూసే నాకు ఎడమ ఎడమే.

డాక్టరు పట్టకారు అందుకున్నాడు.

"ఎన్ని పీకుతారు సార్?" అన్నాను. ఇక్కడే కళ్ళు మూసుకున్నాను. పట్టకారు పళ్ళెంలోకి తిరిగి పడిన చప్పుడు. తర్వాత నా పంటి మీద గరగర.

"పండ్లు గట్టిగానే ఉండాయి. ఉత్త గార, గీకేస్తే సరి. దేంతోనైనా తోముకోప్పా, రెండు పక్కలా తోముకో. లేకుంటే పీకేది నేనే."

మర్నాడు హండె దగ్గర అరచెయ్యి చాపాను. అవ్వ కొత్త పొడి పోసింది.

"బాగా రుద్దప్పా. ఎడమ ఎక్కడుండాదో అద్దాన్ని అడగొద్దు."

ఒక్క ప్రశ్న నేటికీ తేలలేదు: నా ఎడమ చిగుళ్ళను కాపాడింది అవ్వ బొగ్గా, ఉప్పా, లేక వట్టి వేలి రాపిడా? తేల్చాలంటే ప్రయోగం మళ్ళీ జరగాలి. అందుకొక నోరు కావాలి. నాయనను అడిగి చూశాను. వెంటనే నోరు మూసుకున్నాడు. ఇక నా సంగతి. సకల దర్పణాల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: శాస్త్రానికి నా బుద్ధినైనా ఇస్తాను గాని, నోరు మాత్రం ఇవ్వను.